వెన్నునాడీ మూలాల తిత్తులు – శస్త్రేతర చికిత్సల చరిత్ర: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
వెన్నుపాము చివరిభాగంలో నాడీమూలాల తొడుగుల్లో ఏర్పడే ద్రవతిత్తులను 1938లో ఇసడోర్ టార్లోవ్ వర్ణించారు. మొదట నిరపాయకరమని భావించిన ఈ తిత్తులే తీవ్రమైన నొప్పికి కారణం కాగలవని పదేళ్ల తరువాత ఆయనే నిరూపించి, శస్త్రచికిత్సను సూచించారు. సూదితో ద్రవాన్ని తీయడం, ఫైబ్రిన్ జిగురుతో తిత్తిని నింపడం వంటి శస్త్రేతర పద్ధతులు 20వ శతాబ్ది చివరి దశకంలో వచ్చాయి. ఆ జిగురుకు మూలమైన ప్రయోగాల్లోనూ టార్లోవ్ పాత్ర ఉంది. విడివిడిగా సాగిన ఈ రెండు పరిశోధనాధారలు ఎలా కలిశాయో, ఆ కలయిక ఏ ప్రశ్నలను మిగిల్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: టార్లోవ్ తిత్తి, నాడీమూలం, తుంటినాడి నొప్పి, మస్తిష్కమేరు ద్రవం, ఫైబ్రిన్ జిగురు, వైద్యచరిత్ర.

ఉపోద్ఘాతం:

నడుము కింద మొదలై, పిరుదు మీదుగా, కాలి వెనుకవైపుగా మడమ దాకా దిగే నొప్పి మానవజాతికి కొత్త కాదు. చరకసంహిత దీనిని ‘గృధ్రసి’ పేరుతో వాతవ్యాధుల్లో చేర్చింది. గ్రీకు వైద్యులు దీనిని తుంటికీలుకు సంబంధించిన బాధగా చూశారు. ఇది కీలు నొప్పి కాదనీ, నాడి నొప్పి అనీ స్పష్టంగా విడదీసి చెప్పినవారు నేపుల్స్ నగరానికి చెందిన వైద్యుడు డొమెనికో కోటూన్యో. 1764లో ఆయన లాటిన్‌లో వెలువరించిన చిన్న గ్రంథం ఈ వ్యాసవిషయానికి రెండు విధాల మూలం. తుంటినాడి నొప్పికి అది ఒక ప్రత్యేక ఉనికిని ఇచ్చింది. అంతకన్నా ముఖ్యంగా, వెన్నుపాము చుట్టూ నిజంగానే ద్రవం ఉంటుందని చెప్పింది.

ఆ ద్రవం అంతకు ముందు శరీరశాస్త్రజ్ఞుల కంట పడకపోవడానికి కారణం వింతైనది. శవపరీక్షలో మొదట తలను వేరుచేయడం ఆనాటి ఆచారం. దానితో ద్రవమంతా కారిపోయేది. తరువాత వెన్ను తెరిచి చూస్తే లోపల ఖాళీయే కనిపించేది. ఆ ఖాళీలో ఏదో ఆవిరి ఉండేదని ఊహించుకునేవారు. కోటూన్యో శవాన్ని నిలువుగా ఉంచి, తల తీయకుండా పరీక్షించి ద్రవాన్ని చూశారు. తుంటినాడి తొడుగులో చేరిన ద్రవం ఘాటెక్కి నాడిని బాధిస్తుందని ఆయన సిద్ధాంతం. మందులతో చర్మంపై బొబ్బలు లేపి ఆ ద్రవాన్ని బయటికి లాగాలన్నది ఆయన సూచించిన చికిత్స. ఆ చికిత్స నిలవలేదు. అయితే నాడి తొడుగులో నిలిచిన ద్రవమే నొప్పికి మూలమనే ఊహ, రోగులందరికీ కాకపోయినా కొందరికి, 174 ఏళ్ల తరువాత మరో రూపంలో తిరిగి వచ్చింది.

మాంట్రియల్ శవపరీక్షలు – ఒక యాదృచ్ఛిక దర్శనం:

వైల్డర్ పెన్‌ఫీల్డ్ నాయకత్వంలో మాంట్రియల్ నాడీశాస్త్ర సంస్థ 1934లో ప్రారంభమైంది. అక్కడ శిక్షణ పొందిన యువ వైద్యుల్లో అమెరికాకు చెందిన ఇసడోర్ మాక్స్ టార్లోవ్ (1905–1977) ఒకరు. నాడీమూలాల సూక్ష్మనిర్మాణం ఆయన అభిమాన విషయం. వెన్నుపాము చివర నుంచి త్రికాస్థి దాకా దారంలా దిగే కణజాలాన్ని ఆయన శవాల నుంచి సేకరించి పరీక్షిస్తున్నారు. అలా పరీక్షించిన 30 నమూనాల్లో 5 చోట్ల, త్రికాస్థిలోని నాడీమూలాల మీద చిన్న చిన్న తిత్తులు కనిపించాయి. ఆయన వెదుకుతున్నది వాటిని కాదు. వెదకనిది దొరికిన సందర్భం ఇది.

1938లో అమెరికా వైద్యపత్రికలో ప్రచురించిన వ్యాసంలో టార్లోవ్ ఈ తిత్తుల స్థానాన్ని చాలా కచ్చితంగా నిర్దేశించారు. వెన్నుపాము నుంచి బయలుదేరే ప్రతి నాడీమూలానికీ పొరల తొడుగు ఉంటుంది. స్పర్శను, నొప్పిని మోసే వెనుకమూలం మీద గాంగ్లియాన్ అనే నాడీకణాల ముడి ఉంటుంది. ఆ ముడి దగ్గర, నాడీపోగులను అంటిపెట్టుకున్న లోపలి పొరకూ దాని పైనున్న పెరిన్యూరియం పొరకూ మధ్య ఈ తిత్తి మొదలవుతుంది. అందుకే దానికి ఆయన ‘పెరిన్యూరియల్ తిత్తి’ అని పేరు పెట్టారు. తిత్తి గోడలో గానీ, తిత్తి లోపల గానీ నాడీపోగులు ఉండడం దీని ప్రధాన లక్షణం. ఒక బెలూన్ నాడికి ఆనుకొని ఉబ్బడం వేరు, నాడి తానే బెలూన్‌గా ఉబ్బడం వేరు. టార్లోవ్ చూసినది రెండవది. తరువాతి చికిత్సాచరిత్రలోని చిక్కులన్నీ ఈ ఒక్క నిర్మాణ లక్షణం నుంచే పుట్టాయి. తిత్తిని కోసి తీసేస్తే నాడిని కూడా కొంత కోసి తీసేసినట్టే.

1938 వ్యాసంలో ఈ తిత్తులు శవపరీక్షలో కనిపించిన విశేషాలుగానే మిగిలాయి. చనిపోయినవారు బతికున్నప్పుడు నడుము నొప్పితో బాధపడ్డారో లేదో చెప్పగల సాక్ష్యం శవం ఇవ్వదు. శవం మీద కనుగొన్నది గనుక తిత్తికి రోగంతో సంబంధం లేదనే భావన తొలి అడుగులోనే ఏర్పడింది. చరిత్రలో మొదటి వాక్యానికి ఉండే బలం తరువాతి సవరణకు ఉండదు. ఇక్కడా అదే జరిగింది.

1948 – తానే చేసిన సవరణ:

ఈలోగా వెన్నునొప్పి గురించిన ఆలోచన పూర్తిగా మారిపోయింది. బోస్టన్‌కు చెందిన మిక్స్టర్, బార్ 1934లో వెలువరించిన వ్యాసం, వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు జారి నాడీమూలాన్ని నొక్కడమే అనేక తుంటినాడి నొప్పులకు కారణమని నిరూపించింది. శస్త్రవైద్యుడు తెరిచి, కంటితో చూసి, తీసివేయగల కారణం ఒకటి దొరికింది. ఆ తరువాత రెండు దశాబ్దాలు డిస్కుదే రాజ్యం. డిస్కు తీసినా నొప్పి తగ్గని రోగులూ, డిస్కు కోసం తెరిస్తే అక్కడ జారిన డిస్కు కనిపించని రోగులూ మాత్రం మిగిలిపోయారు.

అటువంటి నేపథ్యంలో 1948లో టార్లోవ్ అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో రెండవ వ్యాసం ప్రచురించారు. త్రికాస్థి నాడీమూలాల తిత్తి తుంటినాడి నొప్పికి మరొక కారణమనీ, అది తొలగించదగిన కారణమనీ ఆ వ్యాసశీర్షికలోనే ప్రకటించారు. ఆ ‘తొలగించదగిన’ అనే విశేషణం గమనించదగ్గది. శస్త్రవైద్యుని దృష్టిలో కారణం అంటే తీయగలిగినది. తీయడానికి వీలులేని కారణం ఆయనకు సగం కారణమే. 1953లో ఈ విషయంపై ఆయన ఒక ప్రత్యేక గ్రంథమే వెలువరించారు. తిత్తిని, అది పుట్టిన నాడీమూలంతోను గాంగ్లియాన్‌తోను సహా తీసివేయడమే ఆయన సూచించిన మార్గం.

ఈ మార్గం ధర ఎంతో త్రికాస్థి నాడుల పని తెలిసినవారికి వివరించనక్కరలేదు. రెండవ, మూడవ, నాలుగవ త్రికాస్థి నాడులు మూత్రాశయాన్ని, మలద్వార కండరాలను, జననాంగాల స్పర్శను అదుపుచేస్తాయి. ఒక వైపున ఒక మూలం పోయినా చాలామందికి నష్టం కనబడదు. రెండు వైపులా పోతే జీవితమే మారిపోతుంది. ఈ తిత్తులు తరచు ఒకటికి మించి, రెండు వైపులా ఉంటాయి. కాబట్టి టార్లోవ్ చూపిన దారిలో వెళ్లడానికి శస్త్రవైద్యులు వెనుకాడారు. కొందరు తిత్తిని తీయకుండా, దాని పైకప్పును కోసి, గోడను ముడిచి కుట్టే సూక్ష్మశస్త్రచికిత్సలు రూపొందించారు. 2001లో వాషింగ్టన్ శస్త్రవైద్యులు వోయాడ్జిస్ తదితరులు 10 మంది రోగుల అనుభవాన్ని ప్రచురిస్తూ, 1.5 సెంటీమీటర్లకు మించిన తిత్తులున్నవారికి మేలైన ఫలితాలు వచ్చాయని తెలిపారు. శస్త్రచికిత్సాధార ఆ విధంగా సాగుతూనే ఉంది. దానిని ఇక్కడ ఇంతకన్నా అనుసరించడం లేదు.

తిత్తి ఎలా పుడుతుందన్న ప్రశ్నకు టార్లోవ్ ఇచ్చిన జవాబు రక్తస్రావం. వెన్నుపాము పొరల మధ్య రక్తం చిందితే ఎర్రకణాల అవశేషాలు నాడి తొడుగులో చేరి, సిరల ప్రవాహాన్ని అడ్డగిస్తాయని ఆయన భావించారు. తిత్తుల గోడల్లో కొన్నిచోట్ల పాత రక్తస్రావపు ఆనవాళ్లు కనిపించడం దీనికి ఆధారం. తరువాతివారు పుట్టుకతో వచ్చిన లోపం, దెబ్బ, వాపు వంటి వేర్వేరు కారణాలు సూచించారు. చికిత్సాచరిత్రకు మాత్రం పుట్టుక కన్నా పెరుగుదలే ముఖ్యం. తిత్తికీ వెన్నుపాము పొరల మధ్యనున్న ద్రవానికీ నడుమ సన్నని మెడ ఉంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ద్రవం కొద్దిగా లోపలికి తోసుకువస్తుంది. నిలబడినా, దగ్గినా, ముక్కినా ఇంకొంచెం వస్తుంది. వచ్చినంత సులువుగా అది తిరిగి పోదు. ఒకవైపుకే తెరుచుకునే తలుపు లాంటిది ఆ మెడ. కూర్చున్నప్పుడు, నిలబడినప్పుడు నొప్పి పెరిగి, పడుకుంటే తగ్గుతుందని రోగులు చెప్పే మాటకు ఇదే వివరణ.

చూడడం అనే సమస్య:

శస్త్రచికిత్స లేకుండా తిత్తికి చికిత్స చేయాలంటే, శరీరాన్ని తెరవకుండా దానిని చూడగలగాలి. ఇందుకు అర్ధశతాబ్దం పట్టింది. ఫ్రాన్సులో సికార్, ఫారెస్టియే 1920ల తొలిసంవత్సరాల్లో లిపియోడాల్ అనే అయోడిన్ నూనెను వెన్నులోకి ఎక్కించి ఎక్స్‌రే తీసే పద్ధతిని ప్రవేశపెట్టారు. 1940లలో అమెరికాలో పాంటోపేక్ అనే మరో అయోడిన్ ద్రవం దాని స్థానాన్ని ఆక్రమించింది. పరీక్ష ముగియగానే ఈ ద్రవాన్ని సూదితో తిరిగి తీసివేయడం పరిపాటి.

టార్లోవ్ తిత్తి విషయంలో ఈ జాగ్రత్తే అడ్డంకి అయింది. మెడ సన్నగా ఉన్న తిత్తిలోకి బరువైన నూనె వెంటనే చేరదు. గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. వెంటనే తీసిన చిత్రంలో తిత్తి కనిపించదు. ఆలస్యంగా నిండే తిత్తి తాను వర్ణించినదనీ, వెంటనే నిండేది మరొక రకమైన పొరసంచి అనీ టార్లోవ్ విభజించారు. 1970లో బ్రిటిష్ నాడీశాస్త్ర పత్రికలో ప్రచురించిన వ్యాసంలోనూ ఆయన ఈ విభజనను సమర్థించారు. కాని తిత్తిని చూడాలంటే నూనెను లోపలే వదిలివేయాలి. అలా మిగిలిన నూనె వెన్నుపాము పొరల్లో వాపుకు, నాడీమూలాలు ఒకదానికొకటి అతుక్కుపోవడానికి దారితీస్తుందని తరువాత తేలింది. నొప్పికి కారణాన్ని వెదికే పరీక్షే కొత్త నొప్పికి కారణం కాగల పరిస్థితి అది. ఈ చరిత్రలో రోగులు చెల్లించిన మూల్యాన్ని లెక్కించేటప్పుడు దీనిని మరచిపోరాదు.

సి.టి., ఆ తరువాత ఎం.ఆర్.ఐ. రావడంతో ఈ చిక్కు తీరింది. 1988లో నేబర్స్ తదితరులు వెన్నుపాము పొరల తిత్తులన్నిటినీ మూడు తరగతులుగా విభజించారు. పై పొరకు వెలుపల ఉండి, నాడీపోగులు గల తిత్తి రెండవ తరగతి. టార్లోవ్ తిత్తి అందులో చేరింది. ఆరేళ్ల తరువాత, 1994లో, పాల్సెన్, కాల్, ముర్తాగ్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక నిర్ణాయకమైన లెక్క వేశారు. నడుము నొప్పితో ఎం.ఆర్.ఐ.కి వచ్చిన 500 మందిని వరుసగా పరిశీలిస్తే 23 మందికి, అంటే 4.6 శాతానికి, ఈ తిత్తులున్నాయి. వారిలో తిత్తివల్లనే బాధపడుతున్నట్టు నిర్ణయించినది 5గురిని మాత్రమే. తరువాతి కాలపు సమగ్ర సమీక్షలు కూడా ఈ తిత్తులు నూటికి నాలుగు పైచిలుకు మందిలో ఉంటాయనీ, స్త్రీలలో ఎక్కువనీ తేల్చాయి.

ఈ అంకెను రెండు విధాల చదవవచ్చు. ఎక్కువమందికి ఏమీ చేయదు గనుక తిత్తి నిరపాయకరం అనేది ఒక పఠనం. కొద్దిమందికి తప్పక బాధ కలిగిస్తుంది గనుక ఆ కొద్దిమందిని వేరుచేసి గుర్తించాలి అనేది రెండవ పఠనం. ఎం.ఆర్.ఐ. నివేదికల్లో స్థిరపడినది మొదటిదే. ‘యాదృచ్ఛికంగా కనిపించినది’ అనే పదబంధం తిత్తి పక్కన దాదాపు బిరుదులా చేరింది. 1938 నాటి శవపరీక్ష గదిలో టార్లోవ్‌కు కలిగిన అభిప్రాయం, 1948లో ఆయనే సవరించుకున్న తరువాత కూడా, యంత్రాల యుగంలో కొత్త బలం పుంజుకుంది. నొప్పి ఉందని చెప్పే రోగి మాటకూ, కారణం లేదని చెప్పే నివేదికకూ నడుమ ఘర్షణ మొదలైంది. ఆ రోగుల్లో అధికులు స్త్రీలు కావడం వల్ల, వారి నొప్పిని మనోవ్యాకులతగా తేల్చివేయడం మరింత సులువైందని చెప్పడం అతిశయోక్తి కాదు.

సూది – పరీక్ష నుంచి చికిత్స దాకా:

పాల్సెన్ బృందం ఇక్కడే కీలకమైన మరో అడుగు వేసింది. ఆ 5గురికి సి.టి. చిత్రం చూస్తూ, చర్మం మీదుగా, త్రికాస్థి ఎముక ద్వారా సూదిని తిత్తిలోకి పంపి ద్రవాన్ని తీశారు. నొప్పి తగ్గింది. 3 వారాల నుంచి 6 నెలల దాకా తగ్గే ఉంది. ఆ పైన తిత్తి మళ్లీ నిండి నొప్పి తిరిగి వచ్చింది.

చికిత్సగా చూస్తే ఇది విఫలమే. నిరూపణగా చూస్తే చాలా విలువైనది. ద్రవం తీస్తే నొప్పి పోయి, ద్రవం చేరితే నొప్పి వచ్చిందంటే తిత్తికీ నొప్పికీ ఉన్న సంబంధం అదే శరీరంలో రుజువైనట్టే. శవం ఇవ్వలేని సాక్ష్యాన్ని సూది ఇచ్చింది. అందుకే పరిశోధకులు ఈ పద్ధతిని శస్త్రచికిత్సకు ముందు చేయదగిన పరీక్షగా సిఫార్సు చేశారు. 1997లో నెదర్లాండ్స్‌కు చెందిన బార్టెల్స్, వాన్ ఓవర్‌బీకే ఇదే తర్కాన్ని మరో చోట ప్రయోగించారు. తిత్తిని తాకకుండా, నడుము దగ్గర సన్నని గొట్టం అమర్చి మస్తిష్కమేరు ద్రవపు ఒత్తిడిని తగ్గించారు. తిత్తిలోకి తోసే ఒత్తిడే తగ్గితే నొప్పి తగ్గాలి. తగ్గింది కూడా. అయితే శాశ్వత ఉపశమనానికి ద్రవాన్ని ఉదరకుహరంలోకి మళ్లించే గొట్టాన్ని శరీరంలో ఉంచాలి. అది ఒక శస్త్రచికిత్సే.

నొప్పిమందులు, నాడీనొప్పిని తగ్గించే ఔషధాలు, వ్యాయామచికిత్స, వెన్ను పైపొర చుట్టూ స్టెరాయిడ్ సూదిమందు వంటి ఉపశమనాలు ఈ కాలమంతటా వాడుకలో ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. వాటివల్ల కొందరికి మేలు కలిగింది. అయితే అవి తిత్తిని ఉన్నచోటే ఉండనిచ్చి, దాని ఫలితాన్ని మాత్రమే తగ్గిస్తాయి. తిత్తి మెడను మూయగలిగే పదార్థం ఒకటి కావాలి. అది వేరే చోట, వేరే అవసరానికి తయారవుతూ ఉంది.

జిగురు కథ:

రక్తం గడ్డకట్టేటప్పుడు ఫైబ్రినోజన్ అనే ప్రోటీన్ త్రాంబిన్ చర్యవల్ల ఫైబ్రిన్ దారాలుగా మారి వల అల్లుతుంది. ఈ సహజ జిగురును వైద్యంలో వాడుకోవాలన్న ఆలోచన 20వ శతాబ్ది ఆరంభానిదే. 1909లో బెర్గెల్ జర్మనీలో ఫైబ్రిన్ పొడిని రక్తస్రావం ఆపడానికి వాడారు. 1915లో గ్రే మెదడు శస్త్రచికిత్సలో ప్రయోగించారు. రెండవ ప్రపంచయుద్ధం దీనికి అత్యవసరతను తెచ్చింది. తెగిన నాడులతో సైనికులు వేలసంఖ్యలో ఆసుపత్రులకు చేరారు. పట్టుదారంతో కుట్టిన నాడిలో దారం చుట్టూ మచ్చకణజాలం పెరిగి, మొలిచే నాడీపోగులకు అడ్డుపడేది. కుట్టు లేకుండా అతికించే దారి కోసం 1940లో ఇంగ్లండులో యంగ్, మెడవార్ ప్లాస్మా గడ్డతో నాడులను అతికించే ప్రయోగాలను లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. శరీరం పరాయి కణజాలాన్ని తిరస్కరించే తీరును వివరించి 1960లో నోబెల్ బహుమతి పొందిన పీటర్ మెడవార్ ఈయనే.

అట్లాంటిక్‌కు ఆవల అదే పని పట్టుకున్న వ్యక్తి టార్లోవ్. 1943లో బెంజమిన్‌తో కలిసి ప్లాస్మా గడ్డ అతుకునూ పట్టుదారం కుట్టునూ పోల్చి వ్యాసం ప్రచురించారు. 1944లో రోగి సొంత రక్తం నుంచి తీసిన ప్లాస్మాతోనే నాడులను అతికించిన అనుభవాన్ని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వివరించారు. నాలుగేళ్ల తరువాత తిత్తి వ్యాసం వెలువడింది కూడా ఇదే పత్రికలో. 1950లో పరిధీయ నాడులకూ నాడీమూలాలకూ ప్లాస్మా అతుకు వేయడం గురించి ఆయన గ్రంథం వచ్చింది. తిత్తి గురించిన గ్రంథానికి ఇది మూడేళ్లు ముందుది. నాడీమూలపు తిత్తి, నాడీమూలానికి వేసే జిగురు – రెండూ ఒకే వైద్యుని బల మీద, ఒకే దశాబ్దంలో, పక్కపక్కనే ఉన్నాయి. తిత్తికి ఆయన సూచించినది మాత్రం కత్తినే.

ఇందులో ఆశ్చర్యపడవలసినది తక్కువ. ఆనాటి ప్లాస్మా గడ్డ బలహీనమైనది. కొద్దిపాటి లాగుడుకే తెగిపోయేది, త్వరగా కరిగిపోయేది. ఇక తిత్తిని శరీరం తెరవకుండా చూసే సాధనం లేదని పైన చెప్పుకున్నాము. కనిపించని చోటికి సూది పంపే వైద్యుడు ఉండడు. రెండు ఆలోచనలు ఒకరిలోనే ఉన్నా, వాటిని కలిపే పనిముట్టు లేనప్పుడు అవి కలవవు. తిత్తి చరిత్రను ఒక మేధావి జీవితకథగా రాసేవారు ఈ సంగతిని దాటవేస్తుంటారు.

1972లో వియన్నాకు చెందిన శస్త్రవైద్యురాలు హెలెనె మాత్రాస్ బృందం ఫైబ్రినోజన్‌ను గాఢంగా సేకరించి కుందేళ్ల నాడులను అతికించడంతో జిగురు కథ మలుపు తిరిగింది. అలా గాఢపరచిన ఫైబ్రినోజన్, త్రాంబిన్, కాల్షియం, గడ్డ త్వరగా కరగకుండా ఆపే అప్రోటినిన్ – ఇవి రెండు సిరంజిల్లో విడిగా ఉండి, కలిసిన క్షణంలో జిగురుగా మారే మిశ్రమం ఐరోపా విపణిలోకి వచ్చింది. అమెరికాలో మాత్రం పరిస్థితి వేరు. వందలమంది దాతల రక్తాన్ని కలిపి తీసిన ఫైబ్రినోజన్ వల్ల కాలేయవ్యాధి సోకుతున్నందున 1978లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ దాని అనుమతులు ఉపసంహరించింది. ఆ తరువాత రెండు దశాబ్దాలు అమెరికా ఆసుపత్రులు తమ రక్తనిధుల్లోనే ఈ జిగురును తయారుచేసుకున్నాయి. వైరస్‌లను నిర్మూలించే ప్రక్రియలతో తయారైన వాణిజ్య జిగురుకు అనుమతి వచ్చినది 1998లో. టార్లోవ్ 1944లో రోగి సొంత రక్తమే వాడాలని ఎంచుకున్న పద్ధతిలో ఈ ప్రమాదమే లేదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

రెండు ధారల కలయిక:

1997లో పటేల్, లూయీ, రాచ్లిన్ త్రికాస్థి తిత్తులున్న 4గురు రోగులకు సి.టి. సాయంతో సూది ద్వారా ద్రవం తీసి, ఆ ఖాళీని ఫైబ్రిన్ జిగురుతో నింపారు. పాల్సెన్ బృందం చూపిన వైఫల్యానికి ఇది నేరుగా ఇచ్చిన జవాబు. ఖాళీ చేస్తే మళ్లీ నిండుతుంది, కాబట్టి ఖాళీగా ఉంచరాదు. నొప్పి తగ్గింది, ఆ తగ్గుదల నిలిచింది. అయితే 4గురిలో 3గురికి సూక్ష్మజీవులు లేకుండానే మెనింజైటిస్ లక్షణాలు వచ్చాయి. తిత్తి మెడ ద్వారా జిగురు వెన్నుపాము ద్రవంలోకి జారితే పొరలు వాచిపోతాయన్నది దీనికి వివరణ. ఏ మెడను మూయాలని జిగురును పంపారో ఆ మెడ గుండానే అది తప్పించుకుంది.

ఈ ఇబ్బందికి భయపడి కొందరు వెనుదిరిగారు. మరికొందరు పద్ధతిని సవరించారు. 2007లో చైనా పరిశోధకులు జాంగ్ తదితరులు 31 మంది రోగుల అనుభవాన్ని ప్రకటించారు. అందరికన్నా విస్తృతమైనది మర్ఫీ, ఓక్‌లాండర్, ఇలయస్, కథూరియా, లాంగ్ 2016లో వెలువరించిన శ్రేణి. పదేళ్ల కాలంలో 213 మంది రోగులకు జాన్స్ హాప్కిన్స్ వైద్యులు చేసిన చికిత్స అది.

వారి పద్ధతిలోని సూక్ష్మం రెండు సూదుల్లో ఉంది. రోగి బోర్లా పడుకొని ఉండగా ఒక సూది తిత్తి అడుగుకు, రెండవది పైభాగానికి చేరుతుంది. అడుగు సూదితో ద్రవాన్ని లాగుతుంటే పైసూది గుండా గాలి లోపలికి వస్తుంది. నూనెడబ్బాకు రెండు చిల్లులు పెట్టడం తెలిసిన ఏ దుకాణదారుకైనా ఈ సూత్రం పరిచితమే. ఒక్క సూదితో లాగితే తిత్తిలో ఒత్తిడి పడిపోయి, మెడ గుండా కొత్త ద్రవం వచ్చి చేరుతుంది, లోపలి నాడీపోగులు సూదికేసి లాగబడతాయి. గాలి చేరిన తిత్తిని సి.టి.లో కాసేపు గమనిస్తే మెడ ఎంత వెడల్పో కూడా తెలుస్తుంది. ద్రవం వెంటనే తిరిగి నిండితే మెడ పెద్దదని అర్థం. అక్కడ జిగురు పంపడం క్షేమం కాదు. నిండకపోతే జిగురు ఎక్కించవచ్చు. 1997 నాటి మెనింజైటిస్ అనుభవం వృథా కాలేదనడానికి ఈ జాగ్రత్తే నిదర్శనం.

ఏడాది తరువాత వివరాలు అందినవారిలో 104 మందికి, అంటే 54.2 శాతానికి, అత్యుత్తమ ఫలితం వచ్చింది. మరో 53 మందికి, 27.6 శాతానికి, మంచి లేదా సంతృప్తికరమైన ఫలితం వచ్చింది. మూడు నుంచి ఆరేళ్ల తరువాత సంతృప్తి చెందినవారు 74 శాతం. చెప్పుకోదగ్గ ప్రమాదాలు సంభవించలేదని రచయితలు తెలిపారు.

సాక్ష్యం విలువ:

ఈ అంకెలను ఎలా తూచాలి? ఇది గతాన్ని తిరిగి చూసి లెక్కించిన అధ్యయనం. చికిత్స పొందని రోగుల వర్గంతో పోలిక లేదు. నొప్పి విషయంలో పోలిక వర్గం లేకపోవడం పెద్ద లోపమే. నొప్పికి తనంత తానుగా హెచ్చుతగ్గులుంటాయి. ఎవరైనా శ్రద్ధగా విని, సూది వేశారన్న భావన కూడా దానిని తగ్గిస్తుంది. ఏళ్ల తరబడి ‘నీకేమీ లేదు’ అనిపించుకున్నవారి విషయంలో ఆ ప్రభావం ఇంకా ఎక్కువై ఉండవచ్చు. ఈ విమర్శ న్యాయమైనదే.

కాని ఇదే తూకపురాయితో శస్త్రచికిత్సను కూడా తూచాలి. పైన చెప్పిన 2001 నాటి శ్రేణిలో ఉన్నది 10 మంది. అక్కడా పోలిక వర్గం లేదు. సూదికి రుజువు అడిగి, కత్తిని అడగకపోవడం తర్కం కాదు, వృత్తిసంప్రదాయం. మరో వైపు, జిగురు చికిత్స సులువైనది గనుక ఎం.ఆర్.ఐ.లో తిత్తి కనిపించిన ప్రతివారికీ చేయవచ్చుననే ధోరణి కూడా ప్రమాదకరమే. నూటికి నలుగురిలో ఉండే తిత్తి డిస్కు జారినవారిలోనూ ఉంటుంది, కీళ్లవాతం ఉన్నవారిలోనూ ఉంటుంది. వారి నొప్పికి తిత్తి బాధ్యత వహించకపోవచ్చు. తిత్తిని చూడడం తేలికైనకొద్దీ, తిత్తి దోషమా కాదా అని నిర్ణయించడం కష్టమైంది. పాల్సెన్ బృందం చేసిన పరీక్ష, అంటే మొదట ద్రవం మాత్రమే తీసి నొప్పి పోతుందో లేదో చూడడం, ఈ కారణంగానే ఇప్పటికీ అవసరం. అది అన్నిచోట్లా జరగడం లేదు. ఒకే సూదిపోటుతో పరీక్షనూ చికిత్సనూ ముగించే పద్ధతిలో ఆ నిరూపణకు చోటు ఉండదు.

భాష విషయంలో కూడా ఒక చిక్కు ఉంది. శస్త్రచికిత్సలో జిగురు విఫలమైతే వైద్యుడు దానిని ‘జిగురు పనిచేయలేదు’ అని నమోదు చేస్తాడు. నాడి తెగితే ‘అనివార్యమైన ఉపద్రవం’ అవుతుంది. జిగురు చికిత్స పొందిన రోగికి తరువాత శస్త్రచికిత్స చేయవలసివస్తే, గడ్డకట్టిన ఫైబ్రిన్ వల్ల నాడులు అతుక్కొని పని కష్టమవుతుందని కొందరు శస్త్రవైద్యుల వాదన. ఫైబ్రిన్ కొద్దివారాల్లోనే కరిగిపోతుందని జిగురు పక్షం సమాధానం. తిత్తి గోడలో ఆలోగా ఏర్పడే మచ్చకణజాలం ఎంత, అది మేలు చేసేదా కీడు చేసేదా అన్నది సూక్ష్మదర్శిని కింద తేల్చవలసిన ప్రశ్న. 1938లో టార్లోవ్ చేసినట్టు పలుచని కోతలు తీసి చూడదగినది.

అమెరికాలో ఫైబ్రిన్ జిగురుకు 1998లో లభించిన అనుమతి శస్త్రచికిత్సలో రక్తస్రావాన్ని అరికట్టడం వంటి అవసరాల కోసం ఇచ్చినది. నాడీమూలపు తిత్తిని నింపడం ఆ ఆమోదిత ఉపయోగాల్లో లేదు. తిత్తికి దానిని వాడే వైద్యుడు తన వృత్తివివేకం మీద ఆధారపడి, ఆ సంగతి రోగికి చెప్పి, సంతకం తీసుకొని వాడుతున్నాడు.